కనురెప్పల సర్జరీ, లేజర్ చికిత్స: కోలుకునే రోజుల్లో నేను నేర్చుకున్నవి

కౌంటర్‌లో కూర్చున్న నన్ను ఖాతాదారులు తరచూ అడిగేవారు: "మేడమ్, రాత్రి నిద్ర లేదా?" నిద్ర బాగానే పట్టేది. పై రెప్పల చర్మం సాగి కళ్ల మీదికి వాలడంతో ఎప్పుడూ అలసిపోయినట్లు కనిపించేదాన్ని. యాభై మూడో ఏట కనురెప్పల సర్జరీ, రెండు నెలల తర్వాత బుగ్గల మీది పాత మొటిమల గుంటలకు లేజర్ చికిత్స చేయించుకున్నాను. మొదటిది సాఫీగా గడిచింది. రెండోదాంట్లో నా తొందరపాటు వల్ల ఐదు నెలలు ఇబ్బంది పడ్డాను. మన కుటుంబాల్లో ఇలాంటి ఆలోచన ఉన్నవారికి ఉపయోగపడుతుందని నా అనుభవం రాస్తున్నాను.

ముందుగా చెప్పవలసిన నిజం

ఏయే మందులు వాడుతున్నారని డాక్టర్ అడిగితే "బీపీ మాత్ర ఒక్కటే" అన్నాను. పక్కనే ఉన్న మా వారు "రోజూ ఆస్పిరిన్ కూడా వేసుకుంటుందండీ" అని గుర్తు చేశారు. ఆస్పిరిన్ వాడేవారిలో రక్తస్రావం త్వరగా ఆగదు. రెప్పల సర్జరీలో అది చాలా ముఖ్యమైన విషయం. అలాగని ఆ మాత్రను మనంతట మనం మానేయడం గుండెకు ప్రమాదం. నా సర్జన్ గుండె డాక్టరుతో మాట్లాడాకే ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో చెప్పారు.

మొదటి రెండు వారాలు

మత్తు ఇంజెక్షన్ రెప్పలకే ఇచ్చారు. గంటలో సర్జరీ పూర్తయింది, సాయంత్రానికి ఇంటికి వచ్చేశాం. రెప్పల చర్మం శరీరంలోకెల్లా పలుచన. అందుకే వాపు, కమిలిన రంగు ఎక్కువగా కనిపిస్తాయి. రెండు మూడు రోజుల వరకు అవి పెరుగుతూనే ఉంటాయి. మూడో రోజు అద్దంలో చూసుకుని ఏడ్చేశాను. ఆ ముఖం ఫలితం కాదని, గాయం మానే దశ అని తర్వాత అర్థమైంది.

మొదటి 48 గంటలు శుభ్రమైన గుడ్డలో చుట్టిన ఐసుతో, ఒక్కోసారి పది నిమిషాల చొప్పున కాపడం పెట్టుకున్నాను. రెండు దిండ్లు ఎత్తుగా పెట్టుకుని వెల్లకిలా పడుకున్నాను. వంగడం, బిందె ఎత్తడం, ముక్కడం మానేశాను. కళ్లు పొడిబారకుండా చుక్కల మందు, రాత్రిపూట ఆయింట్‌మెంట్ వాడాను. ఆరో రోజు కుట్లు తీశారు. కాటుక, కాంటాక్ట్ లెన్సులు రెండు వారాలు వద్దన్నారు. పదిహేనో రోజున డ్యూటీలో చేరాను. కోత గీత ఎరుపు తగ్గడానికి మాత్రం నెలలు పట్టింది.

తెల్లారేదాకా ఆగకూడని లక్షణాలు

వాపుకు ఓర్పు కావాలి. కానీ ఒక కంట్లో భరించలేని నొప్పి, కనుగుడ్డు ముందుకు పొడుచుకు రావడం, చూపు మసకబారడం, ఒకటి రెండుగా కనిపించడం మొదలైతే ఒక్క క్షణం కూడా ఆగకూడదు. కంటి వెనక రక్తం చేరి చూపు నరాన్ని నొక్కితే చూపు శాశ్వతంగా పోవచ్చు. ఇది అరుదు, వచ్చినా ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే వస్తుంది. ఆ రాత్రి మా వారు మేలుకునే ఉన్నారు. రెండు మూడు గంటలకోసారి నన్ను లేపి, ఒక్కో కన్నూ మూయించి, గోడ గడియారంలో టైమెంత అని అడిగారు.

లేజర్ తర్వాత నా పొరపాటు

నాకు చేసింది ఫ్రాక్షనల్ కార్బన్ డయాక్సైడ్ లేజర్. చర్మంలో సన్నటి రంధ్రాల్లా వేడి గాయాలు చేసి, మధ్యమధ్య చర్మాన్ని వదిలేస్తుంది. ఆ వదిలిన భాగం నుంచే కొత్త చర్మం పుట్టి గాయం మానుతుంది. వారంలో పొక్కులు రాలిపోయాయి. "పసుపు రాయవే, త్వరగా మానుతుంది" అన్నారు మా అత్తయ్య. పచ్చి గాయం మీద డాక్టర్ ఇచ్చిన ఆయింట్‌మెంట్ తప్ప మరేదీ వద్దన్నారని ఆమెకు నచ్చజెప్పాను.

అక్కడి వరకు బాగానే ఉంది. తొమ్మిదో రోజున మేనకోడలి పెళ్లి. ఎర్రదనం కనబడకుండా పౌడరు రాసుకుని మధ్యాహ్నమంతా ఎండలో తిరిగాను. రెండు వారాలకు బుగ్గల మీద నల్లమచ్చలు తేలాయి. మనలాంటి చామనఛాయ చర్మం, గాయమైన చోట రంగును ఎక్కువగా తయారు చేస్తుంది. ఎండ దానికి తోడైంది. తెలిసినవాళ్లు చెప్పిన క్రీము మెడికల్ షాపులో కొనబోతే, అందులో స్టెరాయిడ్ ఉందని డాక్టర్ వద్దన్నారు. సన్‌స్క్రీన్, గొడుగు, డాక్టర్ రాసిన క్రీములతో మచ్చలు పోవడానికి ఐదు నెలలు పట్టింది.

ఖర్చు, సెలవు

అందం కోసం చేయించుకునే సర్జరీ ఆరోగ్య బీమా ప్రామాణిక మినహాయింపుల్లో ఉంది. రెప్ప వాలి చూపుకే అడ్డం వస్తుంటే సంగతి వేరు. అప్పుడు అది వైద్యపరంగా అవసరమని డాక్టర్ ధ్రువీకరించాలి. చూపు పరిధి పరీక్ష ఫలితం అందుకు ఆధారమవుతుంది. ముందుగా పాలసీ చదివి, లిఖితపూర్వకంగా అడగండి. నా ఖర్చు నేనే పెట్టుకున్నాను.

మీ ఇంట్లో ఎవరైనా చేయించుకోవాలనుకుంటే పెళ్లిళ్లు, ప్రయాణాలు లేని రోజులు చూసుకోండి. మొదటి రాత్రి పక్కన ఒక మనిషి ఉండేలా, ఆసుపత్రి ఎమర్జెన్సీ నంబరు చేతికి అందేలా చూసుకోండి. ఇప్పుడు నన్ను ఎవరూ నిద్ర లేదా అని అడగడం లేదు. ఎండలోకి వెళ్లే ముందు మా వారే గొడుగు తెచ్చి చేతికిస్తున్నారు.