నాణెములను వెదకు యంత్రములు: వెలయు విలువయు

నేలలో కూరుకొనిపోయిన నాణెమును త్రవ్వక మునుపే పసిగట్టు యంత్రమొకటి కలదు. దీనిని లోహశోధక మందురు. వాడుకలో మెటల్ డిటెక్టరు అని పేరు. ఇంగ్లండు, అమెరికా మొదలగు దేశములలో అనేకులు సెలవుదినములందు దీనిని చేతబట్టి పొలములందును సముద్రతీరములందును పాత నాణెములకై తిరుగుచుందురు. ఈ యంత్రములలో 100 డాలర్లకు సమీపమున దొరకునవియు కలవు. 2,000 డాలర్లకు మించినవియు కలవు. వెల యిరువది రెట్లయినచో నాణెములును ఇరువది రెట్లు దొరకునా? కష్టార్జితమైన ధనముతో ఏ వస్తువును కొనబోయినను ఇట్టి ప్రశ్నయే మనకెదురగును. కావున దీనిని విద్యార్థులకు బోధపడునట్లు వివరింప బూనితిమి.

యంత్రము పనిచేయు విధము

మారుచుండు అయస్కాంత క్షేత్రమువలన తీగచుట్టలో విద్యుత్తు పుట్టునని 1831లో మైకేల్ ఫారడే కనుగొనెను. లోహశోధకమున కాధారము ఈ సూత్రమే. కఱ్ఱవంటి కాడ చివర పళ్లెము ఆకారముగల తీగచుట్ట యుండును. దానిలో విద్యుత్ప్రవాహము సెకనుకు కొన్నివేల మారులు ఇటునటు మారుచుండును. అందుచే నేలలోనికి మారుచుండు అయస్కాంత క్షేత్రము ప్రసరించును. అచట నాణెమున్నచో దానియందు చిన్న సుడిప్రవాహములు పుట్టును. ఆ ప్రవాహములు తమ వంతుగా మఱియొక స్వల్ప క్షేత్రమును కలిగించును. పళ్లెములోని రెండవ చుట్ట దానిని గ్రహించి చెవికి ధ్వనిగా వినిపించును. చౌక యంత్రమైనను, ఖరీదైనదైనను మూలసూత్ర మొక్కటే.

వేఱుపఱచుటయే అసలు కష్టము

1881 జూలై 2వ తేదీన అమెరికా అధ్యక్షుడగు జేమ్స్ గార్‌ఫీల్డ్ తుపాకి దెబ్బ తినెను. దేహములో నిలిచిన గుండును కనుగొనుటకు అలెగ్జాండర్ గ్రాహంబెల్ ఇట్టి యంత్రమునే తెచ్చెను. కాని రోగి పరుపులో ఉక్కు స్ప్రింగు లుండుటయు, వైద్యుడు దేహమున ఒక ప్రక్కనే వెదకనిచ్చుటయు కార్యమును చెఱచినవి. గుండు దొరకలేదు, సెప్టెంబరు 19వ తేదీన అధ్యక్షుడు మరణించెను. లోహమున్నదని తెలిసికొనుట సులభమే. కావలసిన లోహమును అక్కఱలేని లోహమునుండి వేఱుచేయుటయే కష్టమని దీనివలన తెలియుచున్నది.

నేలలో నాణెములకంటె మేకులును, సీసా మూతలును, అల్యూమినియము తునకలును మిక్కుటము. వెండియు రాగియు మంచి విద్యుద్వాహకములు. వానినుండి వచ్చు సంకేతము ఇనుమునుండి వచ్చుదానికంటె భిన్నముగా నుండును. ఈ భేదమునుబట్టి యంత్రము లోహము నూహించును. అయితే ఊహ ఊహయే. అమెరికావారి 5 సెంట్ల నాణెమును, పానీయపు డబ్బాల అల్యూమినియపు మూతచెవియు దాదాపు ఒకేవిధమైన సంకేతము నిచ్చును. ఎంత వెలగల యంత్రమైనను వీనిని నిశ్చయముగా వేఱుచేయజాలదు. మన దేశమున ఇటీవలి 1 రూపాయి, 2 రూపాయల నాణెములు తుప్పుపట్టని ఉక్కుతో చేయబడినవి. వీనికడ అయస్కాంతము నుంచి చూడుడు, అంటుకొనును. ఇనుమును విడిచిపెట్టుమని అమర్చిన యంత్రము ఇట్టి నాణెములనుకూడ ఇనుపముక్కలని విడిచిపెట్టవచ్చును.

లోతునుగూర్చిన లెక్క

ఎక్కువ వెల పెట్టిన రెట్టింపు లోతున నున్న నాణెము దొరకునని పలువురు తలంతురు. చుట్టనుండి పోవు క్షేత్రబలము దూరము పెరిగినకొలది ఘనమునుబట్టి తగ్గును. నాణెమునుండి తిరిగివచ్చునదియు అట్లే తగ్గును. కావున చుట్టకు తగినంత దూరమున నున్న చిన్న నాణెము విషయమున, దూరము రెండింతలైనచో సంకేతము 64వ వంతు మాత్రమే మిగులును. రెండును ఆఱుమారులు హెచ్చవేసి చూడుడు, 64 వచ్చును. యంత్రపు గ్రహణశక్తిని రెండింతలు చేసినను 6 అంగుళముల లోతు సుమారు 6¾ అంగుళములగునే కాని 12 కానేరదు. వెల పెరిగినంతగా లోతు పెరుగకుండుటకు కారణ మిది.

అధిక వెలకు లభించునదేమి?

ట్రాకర్ 4 అను యంత్రము నూఱు డాలర్ల సమీపమున అమ్మబడినది. అది ఒక్క వేగముననే, సెకనుకు సుమారు 6,600 మారులు, పనిచేయును. సంకేతమును ముల్లుతో చూపును. 2012లో వెలువడిన సీటీఎక్స్ 3030 వెల ఇంచుమించు 2,500 డాలర్లుగా నుండెను. అది పెక్కు వేగముల నొక్కసారిగా ఉపయోగించును. రంగుల తెరపై లోహపు గుణమును జూపును. తిరిగిన చోట్లను పటముపై గుర్తించును. 10 అడుగుల నీటిలో మునిగినను చెడదు.

ఈ గుణములవలన లాభ మెచట కలుగును? ఇనుము కలిసిన ఎఱ్ఱమట్టిలోను, నల్లయిసుకలోను, ఉప్పునీటితో తడిసిన తీరమునందును నేలయే కూతపెట్టి నాణెపు ధ్వనిని కప్పివేయును. అట్టిచోట పలువేగముల యంత్రము మిన్న. మేకుల ప్రక్కననే నాణెమున్నపుడు రెండింటిని శీఘ్రముగా వేఱుచేయుటయందును అట్లే. ఇక, మట్టి మంచిదై, నాణెము నాలుగైదంగుళముల లోపల నున్నచో చౌక యంత్రమును దానిని చూపగలదు. పైగా కాలక్రమమున ఈ భేదము తగ్గుచున్నది. పలువేగముల పద్ధతిగల వాన్‌క్విష్ 340 అను యంత్రము 2019లో సుమారు 200 డాలర్లకే వచ్చెను.

వెదకువాని గుణము

2009లో ఇంగ్లండులోని స్టాఫర్డుషైరులో టెర్రీ హెర్బర్టు అనునతడు ప్రాచీన స్వర్ణవస్తువుల గొప్ప నిధిని కనుగొనెను. అతని యంత్రము రెండున్నర పౌండ్లకు కొన్న పాతదని పత్రికలు వ్రాసినవి. ఇది అదృష్టమే గాని నియమము కాదు. అయినను వెలయొక్కటే ఫలమును నిర్ణయింపదనుటకు ఇంతకన్న తార్కాణ మక్కఱలేదు.

2010లో ఫ్రోమ్ అను ఊరికడ డేవ్ క్రిస్పు అనునతడు చేసిన పని మఱింత కొనియాడదగినది. కుండపైభాగము కనబడగానే అతడు త్రవ్వుట మాని, పురావస్తు శాస్త్రజ్ఞులకు కబురుపెట్టెను. అందు 52,503 రోమను నాణెము లుండెను. వారు వానిని వరుసవరుసలుగా తీయుటచేత, అవి కొంతకొంతగా కాక ఒకేసారి పోయబడినవని ఊహింప వీలయ్యెను. ఆత్రముతో కుండ నొలకబోసిన యెడల నాణెములు మిగిలియుండును గాని ఈ విషయము శాశ్వతముగా నశించియుండెడిది.

మనవారు ఎఱుగవలసినది

ఇది మనకును వర్తించును. గోదావరీతీరమందలి కోటిలింగాలలో దొరకిన నాణెములవలన తొలి శాతవాహనరాజుల చరిత్ర కొంత వెల్లడియైనది. నాణెము ఎచట దొరకెనో తెలియనిచో దాని సాక్ష్యములో సగము పోవును. 1878వ సంవత్సరపు నిధిచట్టము ప్రకారము, నేలలో దాగియున్న సొత్తు 10 రూపాయల విలువకు మించి దొరకినచో, కనుగొన్నవాడు కలెక్టరునకు వ్రాతమూలమున తెలుపవలెను, దాచినవాడు శిక్షార్హుడు. 1958వ సంవత్సరపు చట్టము ప్రకారము రక్షిత స్థలములలో అనుమతిలేక త్రవ్వరాదు. విదేశములందున్న మన తెలుగువారును ఆయా దేశపు చట్టమును, నేల యజమాని యనుమతిని ముందుగా తెలిసికొనవలెను.

కావున యంత్రమును కొనదలచువారు మొదట తాము వెదకబోవు నేల యెట్టిదో చూడవలెను. ఆ పిమ్మట తమ పెరటిలో తెలిసిన నాణెములను 2, 4, 6 అంగుళముల లోతున పాతి, ఎరవు తెచ్చిన చౌక యంత్రముతో పరీక్షింపవలెను. దాని ధ్వనులన్నియు చెవికి అలవడిన తరువాతనే, అది చాలని చోట, ఎక్కువ ధనము వ్యయపఱచుట న్యాయము. అధిక వెలవలన మంచి చెవిగల యంత్రము దొరకును. ఓర్పును, నిజాయితీని అంగడిలో కొనలేము. అవి మనము అలవఱచుకొనవలసినవి.