అల్లుడికి యానాం మావయ్య ఉత్తరం: కట్టడమా, కొనడమా



అల్లుడు పంపిన ఫొటోలు రెండూ అత్తయ్య, మావయ్య కలిసి చూశారు. ఒకటి ఊరి చివర కొత్త లేఅవుట్‌లో ఖాళీ స్థలం. రెండోది పాత యానాంలో పెంకుటిల్లు. ముందు అరుగు, వెనక నాలుగు కొబ్బరి చెట్లు. కట్టుకుంటే అన్నీ కొత్తవి వస్తాయట, పాతింటి మీదేమో మనసు పోతోందట. ఏది మేలని అల్లుడి ప్రశ్న. మిగతా ఊళ్లలో ఈ లెక్క ఇంటి వయసుతో మొదలవుతుందేమో గానీ, యానాంలో మాత్రం నేల మట్టంతోనే మొదలవుతుంది.

గోదావరి పాయ గౌతమి నుంచి కోరంగి పాయ చీలే చోట కూర్చున్న ఊరు ఇది. ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 17 లక్షల క్యూసెక్కులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. 2022 జులైలో అక్కడ దాదాపు 26 లక్షల క్యూసెక్కులు వెళ్లింది. యానాం వీధుల్లోకి, ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. 1986 ఆగస్టు వరదైతే 35 లక్షలు. అంటే ఈ తరం చూసిన వరద పాతదానికన్నా పావు వంతు తక్కువే. గోడ మీద 2022 గుర్తు చూపించి ‘ఇంతకు మించి రాదండీ’ అనే బ్రోకరు మాటకు విలువ లేదు. పక్కింట్లో ఉండే పెద్దావిణ్ని అడగాలి, 1986లో నీళ్లు ఎంత మెట్టు ఎక్కాయో. ఆవిడ చెప్పే సమాధానం ఏ సర్వే కన్నా తక్కువది కాదు.

పాత ఇళ్లకు సాధారణంగా అరుగు ఎత్తుగానే ఉంటుంది. కానీ దాని ఎత్తు దాని చేతిలో లేదు. రోడ్డు వేసినప్పుడల్లా పాతది తవ్వకుండా పైనే వేస్తూ పోతే, ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లిన గడపలోకి ఇప్పుడు మెట్టు దిగి వెళ్లాల్సి వస్తుంది. అలాంటి ఇంటికి ఎంత సొగసున్నా వానకాలమంతా మోటారు పెట్టి నీళ్లు తోడుకోవడమే పని. పెంకుటిల్లు చూడటానికి అల్లుడు ఈసారి వచ్చినప్పుడు టేపు తెచ్చుకోవాలి. రోడ్డు కన్నా గడప ఎంత ఎత్తుందో కొలవాలి.

ఇక లేఅవుట్ స్థలం. నిన్నటిదాకా అది బాడవ పొలం. పైన మట్టి తోలి మెరక చేశారు. కొత్తగా తోలిన మెరక ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది. దాని కింద మెత్తటి డెల్టా బంకమట్టి. మట్టి పరీక్ష చేయించి, అవసరమైతే పైల్ పునాది వేయాలి. ఆ ఖర్చు భూమిలోకే పోతుంది, చుట్టాలెవరూ చూడరు. అందుకే చాలామంది దాన్ని ఎగ్గొట్టి ఎలివేషన్‌కు పెడతారు. మావయ్యకు నచ్చని సంగతి ఇది. నది దగ్గరి స్థలమైతే తీర నియంత్రణ నిబంధనలూ ఉన్నాయి. ఆటుపోట్లు తగిలే పాయల ఒడ్డున 2011 నోటిఫికేషన్ ప్రకారం 100 మీటర్లు లేదా పాయ వెడల్పు, రెండిట్లో తక్కువది ఏదైతే అంతవరకూ ఆంక్షలు. 2019 నోటిఫికేషన్ దాన్ని 50 మీటర్లకు తగ్గించింది. స్థలం ఏ గీతలో పడుతుందో యానాం ప్లానింగ్ అథారిటీలో తెలుసుకోకుండా అడ్వాన్సు ఇవ్వకూడదు.

ఇక్కడి మరో శత్రువు ఉప్పు. ఐఎస్ 456 ప్రమాణం తీరగాలి నేరుగా తగిలే కాంక్రీటుకు ఎం-30 గ్రేడు, కడ్డీల మీద 45 మిల్లీమీటర్ల కవరు అడుగుతుంది. కాస్త మరుగున ఉంటే ఎం-25, 30 మిల్లీమీటర్లు. మేస్త్రీ అలవాటుగా పెట్టే కవరు దిమ్మ అంతుంటుందా? సెంట్రింగ్ రోజు అల్లుడే వంగి చూడాలి. ఇదే ప్రమాణం కడ్డీ కాంక్రీటులో కలిపే నీళ్లలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదంటుంది. డెల్టా చివరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉండటం అందరికీ తెలుసు. కాబట్టి బోరు వేయించగానే సీసాలో నీళ్లు పట్టి పరీక్షకు పంపాలి. బాగోకపోతే ట్యాంకరు. స్లాగ్ సిమెంటు ఉప్పును మెరుగ్గా తట్టుకుంటుంది, కానీ దాన్ని కనీసం పది రోజులు తడపాలి.

ఈ ఉప్పు లెక్క తెలిస్తే పాత ఇళ్లన్నీ ఒకటి కావని అర్థమవుతుంది. గానుగ సున్నంతో కట్టిన ఇటుక గోడ, టేకు దూలాలు, మంగళూరు పెంకు ఉన్న ఇంట్లో తుప్పు పట్టే కడ్డీ దాదాపు లేదు. చెడేది దూలం చివర, గోడలో దిగిన చోట. అక్కడ మేకు గుచ్చితే సులువుగా దిగిపోతే ఆ దూలం మార్చాలి. అది లెక్క కట్టగల ఖర్చు. ముప్ఫై నలభై ఏళ్ల కిందటి స్లాబ్ ఇల్లు వేరు. కడ్డీ తుప్పు పడితే కొన్ని రెట్లు ఉబ్బి, కాంక్రీటును లోపలి నుంచి పగలగొడుతుంది. వంటింటి సీలింగు మీద పెచ్చులూడిన చోట పుట్టీ, పెయింటు వేసి అమ్మకానికి పెడతారు. చిన్న సుత్తితో కొడితే డొల్ల శబ్దం వస్తుంది. అలాంటి ఇంటికి స్థలం ధర మాత్రమే ఇవ్వాలి, అందులోంచి పడగొట్టే కూలి తగ్గించుకోవాలి.

పెంకుటిల్లు కొన్నాక చేసే పెద్ద పాపం సున్నపు గోడకు సిమెంటు ప్లాస్టరింగ్. గోడలోని నిమ్ముకు బయటికి పోయే దారి మూసుకుపోయి, అది పైపైకి ఎక్కి, ఉప్పు పూతగా తేలుతుంది. సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు అరుదే గానీ, మన పుదుచ్చేరిలోనే ఆ విద్య బతికి ఉంది. అక్కడి వైశ్యాళ్ వీధి ఇళ్ల పునరుద్ధరణకు 2008లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం దక్కింది. అదే ఊళ్లో పట్టించుకోకుండా వదిలేసిన ఫ్రెంచి కాలపు మేరీ (పురపాలక) భవనం 2014 నవంబరు వానలకు కూలిపోయింది. తర్వాత పాత రూపులోనే మళ్లీ కట్టాల్సి వచ్చింది. పాతిల్లు కొంటే ప్రతి ఏడూ వానకు ముందు పెంకు తిప్పించే ఓపిక ఉండాలి. అల్లుడు హైదరాబాదులో ఉండి ఇంటికి తాళం వేసి ఉంచేట్టయితే ఆ ఇల్లు కొనకపోవడమే దానికి చేసే మేలు.

కాగితాల సంగతి కొంచెం పొడుగు. 1954 నవంబరు 1న యానాం భారత్ చేతికి వచ్చినా, చట్టబద్ధంగా విలీనమైంది 1962 ఆగస్టు 16న. పాతింటి లింకు దస్తావేజుల్లో ఫ్రెంచిలో రాసిన నోటరీ పత్రాలు తగలవచ్చు. వాటిని చదివించి, సెటిల్‌మెంట్ రికార్డుతో, పట్టాతో పోల్చి చూడగల లాయరు కావాలి. ఇంకో చిక్కు వారసులు. అన్నదమ్ముల్లో ఒకరు కాకినాడలో, ఒకరు ఫ్రాన్సులో ఉంటే, అందరి సంతకాలూ పడే వరకూ బేరం బేరం కాదు. ఆడపడుచుల సంతకాలు అసలు మరవకూడదు. అమ్మేవాళ్లలో విదేశాల్లో స్థిరపడ్డవారుంటే, వాళ్ల వాటా మీద కొనేవాడే పన్ను కోసి కట్టాలి. ఇక్కడి వాళ్ల దగ్గర కొంటే వర్తించే 50 లక్షల పరిమితి, 1 శాతం లెక్క అక్కడ పనికిరావు. మరోటి, గట్టు దాటి నీలపల్లిలో చవగ్గా దొరికిందని వెళితే అది పుదుచ్చేరి కాదు, ఆంధ్రప్రదేశ్. ప్లాను అనుమతి, రిజిస్ట్రేషన్, పన్నులు అన్నీ వేరు.

డబ్బు దగ్గరికి వస్తే, 30 లక్షల లోపు ఇంటి రుణానికి బ్యాంకు ఆస్తి విలువలో 90 శాతం దాకా, 75 లక్షల దాకా అయితే 80 శాతం దాకా ఇవ్వొచ్చు. ఆదాయపు పన్ను పాత విధానంలో ఉన్నవారికి, తాము ఉండే ఇంటిని కొనడానికో కట్టడానికో తీసుకున్న రుణం మీద ఏడాదికి 2 లక్షల వడ్డీ దాకా మినహాయింపు. ఒట్టి మరమ్మతుల రుణానికైతే 30 వేలే. కాబట్టి బాగుచేత ఖర్చును అప్పుగా కాక చేతి డబ్బుగా ఉంచుకుని, కొనుగోలుకు రుణం పెట్టడం మేలు. గోడ తెరిచాక ఏం బయటపడుతుందో తెలియదు గనుక అంచనా మీద ఐదో వంతు అదనంగా పక్కన పెట్టాలి.

మావయ్య ఓటు పెంకుటింటికే, రెండు షరతుల మీద: గడప రోడ్డు కన్నా ఎత్తుండాలి, వారసులందరూ ఒకే దస్తావేజు మీద సంతకం పెట్టాలి. ఏ ఒక్కటి కుదరకపోయినా లేఅవుట్‌ వైపే చూడాలి. అప్పుడైనా మెరక తోలి రెండు వానలు పడేదాకా ఇటుక దించకూడదు.

ఈలోగా ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్), లింకు దస్తావేజుల జిరాక్సులు, స్థలం సర్వే నంబరు పంపితే మావయ్య సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లి చూసి వస్తాడు. అత్తయ్య అడిగింది ఒకటే, పెంకుటింటి నూతి నీళ్లు తాగడానికి పనికొస్తాయా అని. దానికీ ఒక సీసా నింపించి పరీక్షకు పంపాలి.

ఆశీస్సులతో,
యానాం మావయ్య