క్లచ్ నూనె చూశారా?

అంబాసిడర్ కారు మనందరికీ తెలుసు. ఒకప్పుడు పెళ్ళికూతురు వచ్చేది అందులోనే. కలెక్టరు గారు దిగేది అందులోంచే. ఈ కార్లు పశ్చిమ బెంగాల్ లోని ఉత్తర్‌పారాలో తయారయ్యేవి. 2014లో తయారీ ఆగిపోయింది. ఉన్న బండ్లు కొన్ని ఇంకా తిరుగుతున్నాయి. పాత బండి కదా, అప్పుడప్పుడు మొండికేస్తుంది.

ఒక అక్కకు అలాంటి కారు ఉంది. భర్త పోయాక తమ్ముడు దాన్ని కిరాయికి నడుపుతున్నాడు. ఇల్లు గడిచేది ఆ డబ్బుతోనే. ఒకరోజు గేరు పడలేదు. గరగరమని చప్పుడు. ఎలాగో షెడ్డుకు చేర్చారు.

"క్లచ్ పోయిందమ్మా. గేరు బాక్సు దించాలి. ప్లేట్లు మార్చాలి" అన్నాడు మెకానిక్.

అంటే రెండు మూడు రోజులు కిరాయి లేదు. పైగా వేలల్లో ఖర్చు. అక్క భర్త బతికుండగా వారానికోసారి నూనె డబ్బా మూత తీసి చూసేవారు. అది ఆమెకు గుర్తుంది.

"అన్నా, ముందు నూనె చూశావా?" అని అడిగింది.

ఆ మాట ఎందుకు అడగాలి? క్లచ్ ఏం చేస్తుందో చూద్దాం.

ఇంజను ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. గేరు మార్చాలంటే ఒక్క క్షణం ఇంజనునీ గేర్లనీ విడదీయాలి. ఆ పని క్లచ్ ది. చాలా అంబాసిడర్లలో ఇది నూనె బలంతో నడుస్తుంది. కాలితో పెడల్ నొక్కుతాం. పెడల్ దగ్గర ఒక సిలిండరు ఉంటుంది. దాన్ని మాస్టర్ సిలిండర్ అంటారు. అది నూనెను సన్నని గొట్టంలోకి తోస్తుంది. గొట్టం చివర, గేరు బాక్సు పక్కన, ఇంకో చిన్న సిలిండరు ఉంటుంది. అది స్లేవ్ సిలిండర్. నూనె తోస్తే దాని కడ్డీ ముందుకు జరుగుతుంది. ప్లేట్లు విడిపోతాయి.

సూదిమందు సిరంజి తీసుకోండి. సూది తీసేయండి. నీళ్ళు నింపి, మూతిని వేలితో మూసి నొక్కండి. కదలదు. ఇప్పుడు గాలి నింపి నొక్కండి. లోపలికి పోతుంది. నీళ్ళలాగే నూనె కూడా నొక్కితే కుంచించుకుపోదు. గాలి కుంచించుకుపోతుంది. గొట్టంలోకి గాలి దూరితే మన కాలి బలమంతా ఆ గాలిని నొక్కడానికే సరిపోతుంది. ప్లేట్లు విడిపోవు.

గాలి ఎలా దూరుతుంది? నూనె తగ్గితే దూరుతుంది. నూనె ఎందుకు తగ్గింది? ఎక్కడో కారింది. సైకిల్ పంపులో తోలు వాషరు ఉన్నట్టే సిలిండర్లలో రబ్బరు కప్పులు ఉంటాయి. అవి అరిగితే నూనె కారుతుంది.

పెడల్ మెత్తగా కిందికి పోతుందా? రెండు మూడు సార్లు గబగబా నొక్కితే గేరు పడుతుందా? అయితే నూనె తగ్గింది, లేదా గాలి చేరింది. పెడల్ కడ్డీ దగ్గర తడి ఉంటే మాస్టర్ సిలిండర్ కారుతోంది. స్లేవ్ సిలిండర్ మీది రబ్బరు తొడుగు ఎత్తి చూడండి. లోపల తడిగా ఉంటే దాని కప్పు పోయింది. ఎక్కడా తడి లేదు, కానీ పెడల్ నొక్కి పట్టుకుంటే మెల్లగా దిగిపోతోంది. అప్పుడు మాస్టర్ లోపలి కప్పుని అనుమానించాలి.

నూనె నిండుగా ఉంది, పెడల్ గట్టిగా ఉంది, స్లేవ్ కడ్డీ పూర్తిగా జరుగుతోంది, అయినా గేరు పడటం లేదంటే మెకానిక్ మాట నిజం కావచ్చు. గేరు బాక్సు దించాల్సి రావచ్చు.

అక్క కారులో నూనె అడుక్కి పోయింది. స్లేవ్ తొడుగులో తడి ఉంది. రబ్బరు కిట్టు మార్చారు. అది చిన్న ఖర్చే. తర్వాత గాలి తీయాలి. దీనికి ఇద్దరు కావాలి, ముగ్గురుంటే ఇంకా మంచిది. స్లేవ్ మీద నిపిల్ ఉంటుంది. దానికి సన్నని ట్యూబు తొడిగి, రెండో కొసను కొంచెం నూనె ఉన్న సీసాలో ముంచారు.

"నొక్కరా" అంది అక్క. తమ్ముడు మెల్లగా నొక్కాడు. మెకానిక్ నిపిల్ వదులు చేశాడు. సీసాలో బుడగలు వచ్చాయి.

"అలాగే పట్టుకో." మెకానిక్ నిపిల్ బిగించాడు.

"ఇప్పుడు వదులు."

బిగించకముందే కాలు తీస్తే గాలి మళ్ళీ లోపలికి పోతుంది. అందుకే వరస తప్పకూడదు. పైన డబ్బాలో నూనె తగ్గకుండా అక్క పోస్తూ ఉంది. బుడగలు ఆగేదాకా ఇలా చేశారు. గేరు పడింది.

ఇందులో ఇంజను ఆయిలు పోయకూడదు. పోస్తే రబ్బర్లు ఉబ్బి పాడవుతాయి. బ్రేకు ఆయిలే పోయాలి. కొనేటప్పుడు డబ్బా మీద ఇంగ్లీషులో డాట్ అని, పక్కన 3 లేదా 4 అంకె ఉంటుంది. మన బండికి ఏ అంకెదో ముందే అడిగి తెలుసుకోవాలి. అంకె చదవడం మనకు వచ్చు కదా, దుకాణంలోనే చూసుకోవచ్చు. ఈ నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మూత తీసి చాలాకాలం ఉంచిన డబ్బా వాడకూడదు. సీసాలోకి తీసిన పాత నూనె మళ్ళీ పోయకూడదు. కారు రంగు మీద పడితే రంగు లేచిపోతుంది, వెంటనే నీళ్ళతో కడగాలి. కంట్లో పడితే బాగా నీళ్ళు కొట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.