స్విస్ పల్లెల్లోనూ పశువుల పండగ

ప్రశ్న: మా అబ్బాయి స్విట్జర్లాండ్‌లో చదువుతున్నాడు. మన పశువుల పండగ లాంటిది అక్కడా ఉందా?
– ఒక పాఠకురాలు, పుంగనూరు

జవాబు: ఉందమ్మా. కనుమనాడు మనం ఎద్దుల కొమ్ములకు రంగులు పూసినట్టే, వాళ్లు ఆవుల తలలకు పూలు, పచ్చటి కొమ్మలు కట్టి, మెడలో పెద్ద పెద్ద గంటలు వేస్తారు. వేసవంతా ఆల్ప్స్ కొండల మీద మేసిన మందను సెప్టెంబరు ప్రాంతంలో ఊళ్లోకి దించే రోజది. ఆ వేసవిలో మందలో పశువేదైనా చనిపోతే చాలాచోట్ల అలంకారం మానేస్తారు. ఆ మర్యాద నాకెంతో నచ్చింది. మూడడుగుల పుంగనూరు ఆవును చూసిన కళ్లకు అక్కడి గోధుమవన్నె ఆవులు మరీ భారీగా కనిపిస్తాయి. వీలైతే బాబును సానెన్ కూడా వెళ్లి రమ్మనండి. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1961 నుంచి 1985 దాకా ఏటా వేసవిలో ప్రసంగించిన ఊరది.