దావీదు పట్టణపు మెట్లు

పాఠ్యభాగములు: నెహెమ్యా 3:15, 12:37. యోహాను 9:1–7. అపొ. కార్య. 21:31–40.

యెరూషలేము కొండలమీది పట్టణము. అందుచేతనే అక్కడికి వెళ్లువారు ఎక్కిపోయిరని లేఖనములు చెప్పును. 120 మొదలు 134 వరకు గల 15 యాత్రకీర్తనల పైనున్న హెబ్రీ మాటకు ఎక్కుట, మెట్టు అను అర్థములు కలవు.

బండి వాకిటివరకు వచ్చు ఊళ్లలోనున్న మనకు, మెట్లే వీధియైన ఊరు సులభముగా తలంపునకు రాదు. విజయవాడకు పనికి పోయిన మన బిడ్డలను అడిగిన చెప్పుదురు. మొగల్రాజపురము, గుణదల, విద్యాధరపురము కొండవాలులలో ఇండ్లు ఒకదానిపైనొకటి పేర్చినట్లుండును. గ్యాసు బండను భుజముమీద మోసికొని ఎక్కవలెను. రోగిని కుర్చీలో కూర్చుండబెట్టి దింపవలెను. పైకి పోయినకొలది సాధారణముగా అద్దె తగ్గును గనుక పేదవాడే ఎక్కువ మెట్లెక్కును. 2024 ఆగస్టు 31న పెద్దవానకు మొగల్రాజపురములో కొండచరియ విరిగి ఇండ్లమీద పడగా కొందరు చనిపోయిరి.

యెరూషలేములోను నీరు కొండ అడుగుననే యుండెను. సిలోయము కోనేరు దావీదు పట్టణపు దిగువకొనను ఉన్నది. 2004లో మురుగుగొట్టపు పని జరుగుచుండగా పాత కోనేటి మెట్లు బయటపడినవి. అక్కడనుండి దేవాలయమువైపు ఎక్కు రాతిమెట్ల వీధియు త్రవ్వబడినది. పుట్టుగ్రుడ్డివాడు కన్నులమీద బురదతో ఆ కోనేటికే వెళ్లెను. చూపులేనివానికి ఎక్కుటకంటె దిగుటయే భయము. కన్నులు తెరవబడకమునుపే అతడు దిగెను.

దేవాలయపు దక్షిణద్వారముల యెదుటి మెట్లను 1968 తరువాత బెంజమిను మాజారు అను పండితుడు త్రవ్వించెను. వాటి పొడవు సుమారు 200 అడుగులు. ఒక మెట్టు వెడల్పు, మరియొకటి ఇరుకు. వాటిమీద పరుగెత్తుట కష్టము. మన బేతంచెర్ల నాపరాయి పనివారికి ఇది వింతగా తోచును, అన్నిటిని ఒకే కొలతకు కోయుట వారి నేర్పు గదా! (పాలిషు పట్టిన బండను మందిరపు మెట్టుకు వేయవద్దు, వానలో ముసలివారు జారుదురు.)

పౌలు నిలిచినవి కోట మెట్లు. జనులు చంపజూచుచుండగా సైనికులు అతనిని మోసికొనిపోయిరి. లోపలికి పోయిన ప్రాణమునకు భద్రమే. అయినను అతడు సెలవడిగి, మెట్లమీదనే నిలువబడి, చేసైగ చేసి, తన్ను కొట్టినవారితో వారి భాషలోనే మాటలాడెను.

నెహెమ్యా 3వ అధ్యాయము పేర్ల పట్టికయని మనము దాటిపోవుట కలదు. అందులో మిస్పా ప్రదేశపు అధిపతి గుమ్మమును బాగుచేసి, దావీదు పట్టణమునుండి దిగు మెట్లవరకు గోడ కట్టెను. ప్రతిష్ఠదినమున వాద్యములు పట్టుకొన్నవారు, ఎజ్రా ముందు నడువగా, ఆ మెట్లెక్కిరి.

విజయవాడకు వెళ్లు మన పెద్దలలో కొందరు కొండక్రిందనే నిలిచి, దిగి రమ్మని బిడ్డలకు ఫోను చేయుదురు. కాళ్లనొప్పులవారిని అనుటలేదు. ఎక్కగలవారు ఎక్కి, ఆ ఇంటనే ప్రార్థించుడి. వానకాలమునకు ముందే పోయిన మరి మంచిది. ఇంటి వెనుక గట్టు పగిలియున్నదేమో, పైని బండ కదలియున్నదేమో చూచి, అవసరమైన ఇల్లు మార్చుడని గట్టిగా చెప్పి రావలెను.