పీల్చిన దుమ్ముకు రుజువేది?

ప్రశ్న: మా నాయన వయసులో ఉన్నప్పుడు బ్రాహ్మణపల్లె రాతినార గనుల్లో కూలికి పోయేవాడు. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసం, పొడిదగ్గు. క్షయ కాదన్నారు. ఆనాటి కాగితం ఒక్కటీ లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, పులివెందుల

జవాబు: ముందు గని సంగతి డాక్టరుకు చెప్పండి. రాతినార, అంటే ఆస్బెస్టాస్ పోగులు ఊపిరితిత్తుల్లో దిగబడితే చాలావరకు అక్కడే ఉండిపోతాయి. జబ్బు బయటపడేసరికి 20 ఏళ్లు, అంతకు మించి కూడా పట్టొచ్చు. కడప ప్రభుత్వ ఆసుపత్రి (రిమ్స్)లో ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించి, ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష గురించి అడగండి. పోయిన ఊపిరి తిరిగిరాదు గానీ, బీడీ అలవాటుంటే మానిపించండి. రాతినారకు పొగ తోడైతే క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఇక కాగితాల సంగతి. రాతినార కార్మికుల ఆరోగ్య రికార్డులను పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానాక 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అంతవరకు భద్రపరచాలని సుప్రీంకోర్టు 1995లో ఆదేశించింది. మస్టరులో పేరే ఎక్కని కూలీకి ఆ రక్షణ అందదు. పేరెక్కినవాడూ ఎక్కనివాడూ పీల్చింది ఒకే దుమ్ము. పేరున్నవాడు పరిహారం అడగగలడు, లేనివాడు అప్పు చేసి మందులు కొనాలి. జమ్మలమడుగు వైపు నాపరాళ్లు కోసే రోజుకూలీకైనా, ప్రొద్దుటూరులో కొలిమి ముందు కూర్చునే నగల పనివాడికైనా మస్టరులో పేరు లేకపోతే ఇదే గండం.

ఏ గని, ఏ పని, ఎన్నేళ్లు అన్నది కేసు షీటులో రాయించండి. తోటి కూలీల చేత ప్రమాణపత్రాలు తీసుకోండి. వాటితో జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లి ఉచిత న్యాయసహాయం అడగండి. రాతినార దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు ఆస్బెస్టోసిస్‌ను చట్టం వృత్తివ్యాధిగా గుర్తించింది. మీరు అడిగేది దయ కాదు, హక్కు.