నడక చెప్పే నిజం

మనిషి ఆరోగ్యానికి నడక అద్దం వంటిది. 1817లో జేమ్స్ పార్కిన్సన్ అనే ఆంగ్ల వైద్యుడు వణుకు వ్యాధిని వర్ణిస్తూ, రోగి ముందుకు వంగి నడవడాన్ని, ఆ నడక క్రమంగా పరుగుగా మారడాన్ని పేర్కొన్నాడు. కాని కంటితో చూసినది క్షణంలో జారిపోతుంది. అందుకే 1885 ప్రాంతంలో ఫిలడెల్ఫియాలో మైబ్రిడ్జ్ అనే ఛాయాగ్రాహకుడు రోగుల నడకను వరుస చిత్రాలలో బంధించాడు.

నేటి వీడియో విశ్లేషణ ఆ బాటలోనిదే. రోగిని ఎదుటి నుండి, పక్క నుండి చిత్రీకరిస్తారు. అడుగు పొడవు, వేగం, చేతుల ఊపు, వెనుదిరగడానికి పట్టిన అడుగులు లెక్కిస్తారు. మందు వేసుకొనక ముందు, వేసుకొన్న తరువాత తీసిన చిత్రాలను పోల్చితే దాని ప్రభావం తెలుస్తుంది.

చేవెళ్ళ, మొయినాబాదు పల్లెలలోని వృద్ధ రైతుకు పొలం గట్టు ఇరుకైన దారి. తడబడితే తుంటి ఎముక విరగవచ్చు. హైదరాబాదులోని వైద్యుని గదిలో నేల చదునైనది, దారి విశాలమైనది. అక్కడ అతడు చక్కగానే నడవవచ్చు. ఇంటి గడప వద్ద పాదాలు నేలకు అతుక్కున్నట్లు ఆగిపోవడాన్ని కుమారుడు సెల్‌ఫోనులో తీసిన వీడియోయే వైద్యునికి చూపగలదు.

అయితే వీడియో వైద్యునికి మరొక కన్ను మాత్రమే, నిర్ణయం వైద్యునిదే. రోగి అనుమతితో, అతని గౌరవానికి భంగం కలుగకుండా తీసినప్పుడే అది సార్థకమవుతుంది.